డెహ్రాడూన్ ఆర్‌ఐఎమ్‌సీ చరిత్ర, అక్కడ చదివిన గొప్పవాళ్ళు – తెలిసినవాళ్ళు చెప్పండి

శ్రీను_గాజువాక

అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు ఏడో క్లాస్ చదువుతున్నాడు, వాడికి ఆర్మీ అంటే ప్రాణం, ఎప్పుడు చూసినా ఎన్‌డీఏ ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) అంటుంటాడు. మొన్న వాళ్ళ స్కూల్ పీఈటీ సారు డెహ్రాడూన్‌లో రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ (ఆర్‌ఐఎమ్‌సీ) అని ఒకటుంది, దానికి రాయించండి అన్నారట. మాకు పేరు తప్ప ఇంకేమీ తెలీదు. కాలేజీ అంటున్నారు మరి ఎనిమిదో క్లాస్‌లో చేర్చుకోవడమేంటి? ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అక్కడ చదివి పైకొచ్చినవాళ్ళు ఎవరెవరు? మా బావేమో సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉన్న మిలిటరీ కాలేజీ అదే కదా అంటున్నాడు. పరీక్ష సంగతి తర్వాత చూసుకుంటాం, పిల్లాడిని అంత దూరం పంపించాలంటే ముందు ఆ చోటు ఎలాంటిదో తెలియాలి కదా.

చరిత్ర_ప్రియుడు_కాకినాడ

శ్రీను గారూ, తిరుమలగిరిది వేరే. అది ఈఎమ్ఈ వాళ్ళ (ఆర్మీ వాహనాలు, ఆయుధాల రిపేర్లు చూసే విభాగం) కాలేజీ, ఆర్మీలో ఆల్రెడీ ఉన్న ఆఫీసర్లకీ జవాన్లకీ ఇంజినీరింగ్ నేర్పేది. మీరు అడిగేది పిల్లల బోర్డింగ్ స్కూలే, పేరులో కాలేజీ అని ఉంటుంది అంతే. ఎనిమిది నుంచి పన్నెండు దాకా చదివి అక్కణ్ణుంచి యూపీఎస్సీ పరీక్ష రాసి ఎన్‌డీఏకి వెళ్తారు.

పెట్టింది 1922 మార్చి 13న. అప్పటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే తర్వాత ఎనిమిదో ఎడ్వర్డ్‌గా రాజై ఏడాది తిరక్కుండా గద్దె దిగిపోయినాయన, ఇండియా టూర్‌కి వచ్చినప్పుడు ఓపెన్ చేశాడు, అందుకే అప్పట్లో దాని పేరు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ రాయల్ ఇండియన్ మిలిటరీ కాలేజీ. స్థలం డెహ్రాడూన్ గఢీ కంటోన్మెంట్. అంతకుముందు అక్కడ కర్జన్ టైమ్‌లో రాజుల పిల్లల కోసం నడిపిన ఇంపీరియల్ కాడెట్ కోర్ ఉండేది.

ఎందుకు పెట్టారనేది అసలు కథ. మొదటి ప్రపంచ యుద్ధం దాకా మనవాళ్ళు సైన్యంలో ఎంత పైకెళ్ళినా సుబేదార్ మేజర్ దగ్గర ఆగిపోవాల్సిందే, కింగ్స్ కమిషన్ (రాజు పేరు మీద ఇచ్చే పూర్తి ఆఫీసర్ హోదా) ఉన్న ఆఫీసర్ అంటే తెల్లవాడే. యుద్ధంలో లక్షల మంది ఇండియన్లు వెళ్ళి పోరాడాక ఇంక కాదనలేక ఇంగ్లండ్‌లో ఆఫీసర్లను తయారుచేసే శాండ్‌హర్స్ట్ అకాడమీలో మనవాళ్ళకి ఏడాదికి 10 సీట్లు ఇచ్చారు. కానీ ఇక్కణ్ణుంచి నేరుగా ఇంగ్లండ్ వెళ్ళిన కుర్రాళ్ళలో చాలామంది అక్కడి చదువు, ఆ పద్ధతులు తట్టుకోలేక ఫెయిలై తిరిగొచ్చేవాళ్ళు. చూశారా ఇండియన్లు ఆఫీసర్లుగా పనికిరారు అనడానికి అది బాగా దొరికింది వాళ్ళకి. ఆ పిల్లల్ని 11, 12 ఏళ్ళప్పుడే తీసుకుని ఇంగ్లీషు పబ్లిక్ స్కూల్ పద్ధతిలో పెంచి శాండ్‌హర్స్ట్‌కి తయారు చేద్దామని ఈ స్కూల్ పెట్టారు. ఇక్కడ చదివి వెళ్ళినవాళ్ళు శాండ్‌హర్స్ట్‌లో నిలబడ్డారు, దాంతో పనికిరారన్న మాటకి అర్థం లేకుండా పోయింది. తర్వాత 1932లో డెహ్రాడూన్‌లోనే ఐఎమ్ఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ) మొదలయ్యాక ఇంగ్లండ్ వెళ్ళే పనే తప్పింది.

ఓరుగల్లు_రాజు

మంచి టాపిక్ పెట్టినవ్ అన్నా. చీఫ్‌ల సంగతి నేను చెప్త. ఇండియన్ ఆర్మీకి నలుగురు చీఫ్‌లు ఈ ఒక్క స్కూల్ నుంచే: జనరల్ తిమ్మయ్య, జనరల్ బేవూర్, జనరల్ వీఎన్ శర్మ, జనరల్ పద్మనాభన్. ఎయిర్‌ఫోర్స్‌కి ఇద్దరు, ఎన్‌సీ సూరి, బీఎస్ ధనోవా. ధనోవా అంటే 2019ల బాలాకోట్ అయినప్పుడు చీఫ్‌గా ఉన్నాయన, అంతకుముందు కార్గిల్‌ల మిగ్-21 స్క్వాడ్రన్‌కి కమాండింగ్ ఆఫీసర్. పద్మనాభన్ టైమ్‌ల పార్లమెంట్ మీద దాడి, ఆ తర్వాత ఆపరేషన్ పరాక్రమ్, బార్డర్‌ల నెలల తరబడి సైన్యం మోహరించి ఉన్నది. ఒక్కో బ్యాచ్‌ల మహా అంటే పాతిక ముప్పై మందే ఉండే స్కూల్ అది, గంత చిన్న స్కూల్ నుంచి ఆరుగురు చీఫ్‌లు అంటే మాములు ముచ్చట కాదు.

వెంకీ_తిరుపతి

మానెక్‌షా కూడా అక్కడే కదా చదివింది? లిస్ట్‌లో ఆయన్ని వదిలేశారేంటి బ్రో

చరిత్ర_ప్రియుడు_కాకినాడ

కాదు వెంకీ. మానెక్‌షా నైనితాల్ షేర్‌వుడ్‌లో చదివాడు, ఆ తర్వాత 1932లో ఐఎమ్ఏ మొదటి బ్యాచ్. డెహ్రాడూన్ పేరు రెండింటికీ ఉండేసరికి యూట్యూబ్ వీడియోల్లో కలిపేస్తుంటారు. కరియప్ప కూడా ఆర్‌ఐఎమ్‌సీ కాదు, ఇందోర్ డాలీ కాలేజీ నుంచి వచ్చినవాడు. షేర్‌వుడ్, ఆర్‌ఐఎమ్‌సీ రెండూ చదివినాయన మేజర్ సోమనాథ్ శర్మ. మొదటి పరమవీర చక్ర.

మాధవరం_మాజీ_సైనికుడు

నమస్తే. నాది మిలిటరీ మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర. మద్రాస్ రెజిమెంట్‌లో చేసి రిటైరయ్యాను. సోమనాథ్ శర్మ గారి పేరు వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నా.

నాకు శ్రీనగర్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు బడ్గాం వైపు వెళ్ళేవాళ్ళం, ఆ నేల మీద నిలబడి చూస్తే శ్రీనగర్ ఎయిర్‌ఫీల్డ్ ఎంత దగ్గరో అర్థమవుతుంది. 1947 అక్టోబరు చివర్లో మన సైన్యం విమానాల్లో దిగుతున్నది ఆ ఒక్క ఎయిర్‌ఫీల్డ్‌లోనే, అది పోతే కశ్మీర్ లోయ మొత్తం పోయినట్టే. అప్పుడు శర్మ గారి ఎడమ చెయ్యికి హాకీ ఆడుతూ దెబ్బ తగిలి ప్లాస్టర్ వేసి ఉంది. రావద్దన్నారు, ఆయన వినలేదు, నా కంపెనీతో నేను వెళ్ళాల్సిందే అని విమానం ఎక్కాడు. నవంబరు 3న బడ్గాంలో ఆయన కంపెనీ, అంటే 4 కుమావ్ (కుమావ్ రెజిమెంట్ 4వ పటాలం) డి కంపెనీ మీద పాకిస్తాన్ వైపు నుంచి చొరబడినవాళ్ళు దాదాపు 700 మంది దాడికి వచ్చారు, మూడు వైపుల నుంచి. మనవాళ్ళు వంద మంది ఉంటారేమో. ఆయన ప్లాస్టర్ చేత్తోనే అటూ ఇటూ పరిగెత్తుతూ, మ్యాగజైన్లు తానే నింపి గన్నర్లకి అందిస్తూ, పైన తిరిగే మన విమానాలకి గురి తెలియడానికి గుడ్డ ప్యానెళ్ళు పరుస్తూ ఉన్నాడు. శత్రువు 50 గజాల దూరంలో ఉన్నాడు, మేము చాలా తక్కువ మందిమి, అయినా అంగుళం కూడా వెనక్కి తగ్గం, చివరి మనిషి చివరి తూటా దాకా పోరాడతాం అని బ్రిగేడ్‌కి ఆఖరి మెసేజ్ పంపాడు. కాసేపటికే పక్కనున్న మందుగుండు మీద మోర్టార్ షెల్ పడింది. అప్పటికి ఆయన వయసు 24. కానీ ఆ కొన్ని గంటలు ఆపడం వల్లే ఎయిర్‌ఫీల్డ్ మిగిలింది.

ఎంతమంది చీఫ్‌లు వచ్చారని లెక్కేసుకోవచ్చు, తప్పు లేదు. నన్నడిగితే ఆ స్కూల్ గురించి పిల్లాడికి మొదట చెప్పాల్సింది మాత్రం ఈ మేజర్ గురించి.

ఓరుగల్లు_రాజు

సార్ సెల్యూట్. ఒక్క మాట కలుపుత. పైన చెప్పిన వీఎన్ శర్మ ఈ సోమనాథ్ శర్మకి సొంత తమ్ముడే. ఇంకో తమ్ముడు సురీందర్ నాథ్ శర్మ కూడ లెఫ్టినెంట్ జనరల్ దాకా పోయిండు. పరమవీర చక్ర మెడల్ డిజైన్ చేసింది సావిత్రీబాయి ఖానోల్కర్ అని స్విట్జర్లాండ్‌ల పుట్టి మరాఠీ ఆఫీసర్‌ని చేసుకుని ఇక్కడి మనిషే అయిపోయిన ఆమె. ఆమె బిడ్డనే ఈ సురీందర్ నాథ్ చేసుకున్నడు. ఆమె గీసిన మెడల్ మొదట పోయి చేరింది బిడ్డ అత్తగారింటికే.

పద్మజ_డల్లాస్

ఈ త్రెడ్ ఇప్పుడే చూశాను, చాలా బాగుంది. తిమ్మయ్య గారి గురించి ఇంకొంచెం చెప్పరా ఎవరైనా? మా నాన్నగారు బొల్లారంలో పెరిగారు, తిమ్మయ్య హైదరాబాద్ రెజిమెంట్ మనిషి అని ఎప్పుడూ అనేవారు, ఆయన కొడగు ఆయన కదా మరి హైదరాబాద్ ఎలా అని నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.

చరిత్ర_ప్రియుడు_కాకినాడ

పద్మజ గారూ మీ నాన్నగారు కరెక్టే. ఇది కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ స్కూల్‌కీ మన హైదరాబాద్‌కీ మధ్య ఉన్న ముడి చాలామందికి తెలీదు.

నిజాం ఖర్చుతో బ్రిటిష్ ఆఫీసర్ల కింద నడిచిన హైదరాబాద్ కాంటింజెంట్ ఉండేది, బొల్లారమే దాని ముఖ్యమైన చోటు. ఆ పటాలాలే కాలక్రమంలో బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో కలిసి 1920ల్లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. అప్పటికి అందులో జవాన్లు ఎక్కువగా కుమావ్, అహీర్, జాట్ వాళ్ళు, పేరు మాత్రం హైదరాబాద్. 1945లో పేరు కూడా కుమావ్ రెజిమెంట్‌గా మారింది. సోమనాథ్ శర్మ 1942లో కమిషన్ తీసుకున్నది కూడా ఈ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే.

ఇక తిమ్మయ్య. 1906లో మడికేరిలో పుట్టాడు, బెంగళూరు బిషప్ కాటన్‌లో చదువుతుంటే 1922లో కొత్తగా తెరిచిన ఈ స్కూల్‌కి వచ్చాడు, అక్కణ్ణుంచి శాండ్‌హర్స్ట్, 1926లో కమిషన్. తర్వాత వేసింది 4/19 హైదరాబాద్ పటాలంలో, అంటే 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో 4వ పటాలం. ఎందుకు అక్కడే వేశారో చూడండి. ఇండియన్ ఆఫీసర్లు పెరుగుతుంటే తెల్ల ఆఫీసర్లు నల్ల ఆఫీసర్ కింద పనిచేయాల్సొస్తుందేమోనని భయపడి 1923లో 8 యూనిట్లు మాత్రం విడిగా పెట్టి, ఇండియన్ ఆఫీసర్లందరినీ వాటిల్లోకే పంపేవాళ్ళు. 4/19 హైదరాబాద్, 16వ లైట్ కావల్రీ, 1/14 పంజాబ్ లాంటివి అందులోవి. అవమానకరమైన పద్ధతి అది, నాకైతే చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అవమానం కోసం కట్టిన ఆ 8 యూనిట్ల నుంచే తర్వాత స్వతంత్ర భారత సైన్యానికి నాయకులు తయారయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధంలో తిమ్మయ్య బర్మాలో 8/19 హైదరాబాద్‌ని నడిపించాడు, సోమనాథ్ శర్మ అక్కడ ఆయన కిందే పనిచేశాడు. ఆ తర్వాత బ్రిగేడ్ కమాండ్ ఇచ్చారు, ఆ యుద్ధంలో రణరంగంలో ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్‌ని నడిపిన ఇండియన్ ఆయనొక్కడే. అదే యుద్ధంలో ఆయన సొంత అన్న నేతాజీ ఐఎన్‌ఏలో (ఆజాద్ హింద్ ఫౌజ్) బ్రిటిష్ వాళ్ళకి ఎదురు పక్షాన ఉన్నాడు. 1948 నవంబరు 1న జోజిలా పాస్ మీదికి, 11,500 అడుగుల పైన, స్టూవర్ట్ ట్యాంకులు ఎక్కించి లద్దాఖ్ దారి తెరిచింది ఆయనే. అంత ఎత్తుకి ట్యాంకులు వస్తాయని అవతలివాళ్ళు కలలో కూడా అనుకోలేదు. కొరియా యుద్ధం అయ్యాక యుద్ధఖైదీలను ఎవరు ఎక్కడికి వెళ్తారో తేల్చే తటస్థ దేశాల కమిషన్‌కి ఛైర్మన్. 1957 నుంచి 61 దాకా చీఫ్. 1959లో రక్షణ మంత్రి కృష్ణమీనన్‌తో పడక రాజీనామా ఇచ్చాడు, నెహ్రూ సర్దిచెప్పి వెనక్కి తీసుకునేలా చేశాడు. రిటైరయ్యాక ఐరాస శాంతి దళానికి కమాండర్‌గా సైప్రస్ వెళ్ళి 1965 డిసెంబరులో అక్కడే చనిపోయాడు.

పద్మజ_డల్లాస్

ఎంత బాగా చెప్పారండీ, థాంక్యూ సో మచ్. నాన్నగారు ఉండుంటే చదివి వినిపించేదాన్ని.

వెంకీ_తిరుపతి

ఐఎన్‌ఏ అంటే గుర్తొచ్చింది, ఎర్రకోట ట్రయల్‌లో ఉన్న షా నవాజ్ ఖాన్ కూడా ఈ స్కూలే అని చదివాను, నిజమేనా?

చరిత్ర_ప్రియుడు_కాకినాడ

నిజమే. పైన చెప్పిన 1/14 పంజాబ్ ఆఫీసరే ఆయన. సింగపూర్ లొంగిపోయాక ఐఎన్‌ఏలో చేరాడు, 1945 నవంబరులో ఎర్రకోటలో సెహగల్, ధిల్లాన్‌లతో పాటు విచారణ జరిగింది. ఆయన ఊరు రావల్పిండి వైపు, దేశ విభజన అయ్యాక కూడా ఇండియాలోనే ఉండిపోయాడు, మీరట్ నుంచి ఎంపీగా గెలిచి కేంద్రంలో మంత్రి కూడా అయ్యాడు. 1956లో నేతాజీ మరణం మీద వేసిన విచారణ కమిటీకి నాయకత్వం ఆయనదే. చక్రవర్తికి విధేయులైన ఆఫీసర్లను తయారు చేద్దామని పెట్టిన స్కూల్ అది, అందులో చదివినవాడే చక్రవర్తి మీద యుద్ధం చేశాడన్న నేరం మీద బోనులో నిలబడ్డాడు!

ఇంకో సంగతి, ఈ స్కూల్ గురించి మాట్లాడితే పాకిస్తాన్ వైపు వెళ్ళినవాళ్ళ గురించి కూడా చెప్పుకోవాలి. అస్గర్ ఖాన్, నూర్ ఖాన్, గుల్ హసన్ ఖాన్, సాహబ్‌జాదా యాకూబ్ ఖాన్, అందరూ ఇక్కడివాళ్ళే.

సతీష్_కర్నూలు

ఒక్క నిమిషం అన్నా. పిల్లాడికి స్ఫూర్తి కోసం అడుగుతుంటే పాకిస్తాన్ జనరళ్ళ పేర్లు ఎందుకు మధ్యలో? మన మీద యుద్ధం చేసినవాళ్ళని ఆ స్కూల్ గొప్పవాళ్ళు అని లిస్ట్‌లో వేయడం నాకు నచ్చలేదు. మా చిన్నాన్న 71లో కాలు పోగొట్టుకుని వచ్చినాడు, మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు.

మాధవరం_మాజీ_సైనికుడు

సతీష్ బాబూ, మీ చిన్నాన్న గారికి నా నమస్కారం చెప్పు. నీ కోపంలో న్యాయం ఉంది, కాదనను. కానీ యూనిఫాంలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ఒకటి చెప్తాను. మేము అవతలివాడిని చిన్నచూపు చూడం, చూస్తే దెబ్బ తింటాం. వాడు ఎక్కడ చదివాడు, ఎలా ఆలోచిస్తాడు అని తెలుసుకోవడం కూడా సైనికుడి పనే. 1947లో సైన్యాన్ని పంచారు, పటాలాలు, ట్యాంకులు, బ్యాండు వాయిద్యాలతో సహా పంచారు, ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లలు అటు కొందరు ఇటు కొందరు అయ్యారు. దాచేస్తే పోయే చరిత్ర కాదది. వాళ్ళని పూజించమని ఎవరూ అనట్లేదు బాబూ, ఏం జరిగిందో తెలుసుకుందామంటున్నాం.

చరిత్ర_ప్రియుడు_కాకినాడ

మాధవరం గారు చెప్పిందే నా మాట కూడా. సతీష్ గారూ, యాకూబ్ ఖాన్ కథ ఒక్కటి చదవండి, తర్వాత మీ ఇష్టం.

ఆయన రాంపూర్ నవాబుల కుటుంబం, 1920లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తరాఫ్రికాలో పట్టుబడి ఇటలీలో ఖైదీగా ఉన్నాడు. విభజనప్పుడు ఆయన పాకిస్తాన్ వెళ్ళాడు, అన్న యూనుస్ ఖాన్ ఇండియన్ ఆర్మీలోనే ఉండిపోయాడు. 1948 కశ్మీర్ యుద్ధంలో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురు పక్షాల్లో ఉన్నారని చెబుతారు. ఇక 1971కి యాకూబ్ తూర్పు పాకిస్తాన్‌లో సైన్యానికి అధిపతి. ఢాకాలో జనం మీద సైనిక చర్య తీసుకోమని ఒత్తిడి వస్తే, ఇది రాజకీయంగా తేల్చుకోవాల్సింది, నా సొంత జనం మీద తుపాకీ పెట్టను అని మార్చిలో రాజీనామా చేసేశాడు. హోదా తగ్గించారు, ఇంటికి పంపారు. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు ఆ పని చేశారు, లక్షల మంది శరణార్థులు మన మీద పడ్డారు, దాంతోనే మీ చిన్నాన్న గారు వెళ్ళిన యుద్ధం వచ్చింది. ఆ రోజు యాకూబ్ మాట వినుంటే చరిత్ర ఎలా ఉండేదో నేను చెప్పలేను గానీ ఆయన చేసింది చాలా కష్టమైన పని.

సోమనాథ్ శర్మ వెనక్కి రమ్మన్నా రాలేదు, యాకూబ్ ముందుకెళ్ళమన్నా వెళ్ళలేదు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గ్రౌండ్‌లో పీటీ చేసినవాళ్ళు. ఒక స్కూల్ ఎంత గొప్పదో తెలియాలంటే అక్కడివాళ్ళకి వచ్చిన ర్యాంకుల కంటే ఇలాంటి రోజున వాళ్ళు ఏం నిర్ణయం తీసుకున్నారో చూడాలని నా నమ్మకం.

ఓరుగల్లు_రాజు

71ల ఇంకో ముచ్చట. అప్పుడు రావల్పిండిల పాకిస్తాన్ ఆర్మీకి చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ గుల్ హసన్. ఇటు మన సదరన్ కమాండ్‌కి అధిపతి బేవూర్, లోంగేవాలా యుద్ధం అంతా ఆ కమాండ్ కిందనే. ఇద్దరు ఆర్‌ఐఎమ్‌సీ వాళ్ళే. బేవూర్ మొదట బలూచ్ రెజిమెంట్‌ల కమిషన్ తీసుకున్నడు, ఆ రెజిమెంట్ విభజనల పాకిస్తాన్‌కి పోయింది, ఆయన డోగ్రా రెజిమెంట్‌కి వచ్చిండు. గుల్ హసన్ యుద్ధం అయినంక పాకిస్తాన్ ఆర్మీకి ఆఖరి కమాండర్-ఇన్-చీఫ్ అయి మూడు నెలలకే భుట్టో దింపేసిండు.

65ల కూడ గంతే, యుద్ధం టైమ్‌ల పాకిస్తాన్ ఎయిర్‌ఫోర్స్ అధిపతి నూర్ ఖాన్, ఆయనకంటే ముందు ఎనిమిదేండ్లు అస్గర్ ఖాన్. అస్గర్ ఖాన్ 36 ఏండ్లకే ఆ పదవిల కూసున్నడు. ఆయన మొదట చేరింది డెక్కన్ హార్స్‌ల, అది కూడ మన హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి వచ్చిన అశ్వదళమే.

వెంకీ_తిరుపతి

నూర్ ఖాన్ అంటే క్రికెట్ నూర్ ఖానేనా??

ఓరుగల్లు_రాజు

ఆయనే తమ్మీ. పాకిస్తాన్ క్రికెట్ బోర్డ్‌కి పెద్దగా ఉండి మన ఎన్‌కేపీ సాల్వేతో కలిసి 1987 వరల్డ్ కప్‌ని ఇంగ్లండ్ నుంచి ఇక్కడికి తెచ్చినాయన. హాకీల ఛాంపియన్స్ ట్రోఫీ ఆలోచన కూడ ఆయనదే.

సతీష్_కర్నూలు

యాకూబ్ ఖాన్ విషయం నాకు తెలీదు అన్నా, చిన్నాన్నకి ఫోన్ చేసి చెప్తే ఆయన చాలాసేపు అడిగి అడిగి విన్నాడు. లిస్ట్ విషయంలో నా మాట నాదే గానీ ఇలాంటివి ఇంకా ఉంటే రాయండి, చదువుతా. మన వైపు విక్టోరియా క్రాస్ (బ్రిటిష్ వాళ్ళ అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం) వచ్చినాయన కూడా ఉన్నాడంట కదా?

మాధవరం_మాజీ_సైనికుడు

ఉన్నారు బాబూ. ప్రేమీంద్ర సింగ్ భగత్ గారు, బాంబే శాపర్స్, అంటే సైన్యంలో ఇంజినీర్ల దళం. 1941లో అబిసీనియాలో, ఇప్పుడు ఇథియోపియా అంటున్నాం కదా, ఇటలీ సైన్యం పారిపోతూ దారి పొడుగునా మైన్లు పాతి వెళ్ళింది. సెకండ్ లెఫ్టినెంట్, 22 ఏళ్ళ కుర్రాడు. నాలుగు రోజుల పాటు తెల్లారి నుంచి చీకటి పడేదాకా ముందు బండిలో కూర్చుని 55 మైళ్ళ దారిలో 15 మైన్‌ఫీల్డులు తీసేశాడు. ఆయన ఎక్కిన బండి రెండుసార్లు పేలింది, ఒక పేలుడికి చెవి కర్ణభేరి చిల్లు పడింది. రెస్ట్ తీసుకో, వేరేవాళ్ళని పంపుతాం అంటే, నాకు ఇప్పుడు ఈ మైన్ల పద్ధతి అలవాటైంది, కొత్తవాడు వస్తే చచ్చిపోతాడు అని ఒప్పుకోలేదట. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ వచ్చిన మొదటి ఇండియన్ ఆఫీసర్ ఆయన.

చరిత్ర_ప్రియుడు_కాకినాడ

భగత్ గారి తర్వాతి జీవితం కూడా చెప్పాలి. 1962లో చైనా చేతిలో ఓటమి మీద ఆర్మీ వేయించిన విచారణలో జనరల్ హెండర్సన్ బ్రూక్స్‌తో పాటు ఉన్న భగత్ ఈయనే, ఆ రిపోర్ట్‌ని ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు. 1972లో నార్దర్న్ కమాండ్ కొత్తగా పెడితే మొదటి అధిపతి ఈయన. సిమ్లా ఒప్పందం తర్వాత కశ్మీర్‌లో ఎల్‌ఓసీ (నియంత్రణ రేఖ) గీతని మ్యాపుల మీద గీశారు కదా, 1972 డిసెంబరు 11న సుచేత్‌గఢ్‌లో ఇండియా తరఫున ఆ మ్యాపుల మీద సంతకం పెట్టింది ఈయనే. తర్వాత చీఫ్ అవుతాడని సైన్యంలో అందరూ అనుకున్నారు. అప్పుడు చీఫ్‌గా ఉన్న బేవూర్‌కి పదవీకాలం పొడిగించారు, దాంతో ఈయన రిటైరైపోయాడు. ఒకే స్కూల్‌లో చదివిన ఇద్దరు. బేవూర్ కూడా సమర్థుడే, కానీ భగత్‌కి జరిగింది అన్యాయమనే నా అభిప్రాయం. దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఛైర్మన్‌గా వెళ్ళి అక్కడా బాగా పనిచేశాడంటారు, 1975లో 56 ఏళ్ళకే పోయాడు.

శ్రీను_గాజువాక

అబ్బ, ఇంత వస్తుందనుకోలేదండీ. మా మేనల్లుడిని కూర్చోబెట్టి మొత్తం చదివించాను, వాడు భగత్ గారి దగ్గర ఆగిపోయి మైన్ ఎలా తీస్తారు మామయ్యా అని ఒకటే ప్రశ్నలు. ఇప్పుడు పరీక్ష గురించి కూడా ఎవరైనా చెప్తారా? మా ఏరియాలో ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగితే సైనిక్ స్కూల్, మిలిటరీ స్కూల్, ఇది, అన్నీ ఒకటే పరీక్ష అంటున్నారు, ఫీజు మాత్రం గట్టిగానే చెప్పారు.

మాధవి_టీచర్_విజయనగరం

శ్రీను గారూ, ఒకటి కాదండీ, ఇలా చెప్పి డబ్బులు తీసుకునేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండండి. నేను హైస్కూల్ టీచర్‌ని, మా పిల్లలతో రాయిస్తుంటాను కాబట్టి చెప్తున్నా.

సైనిక్ స్కూళ్ళు వేరే సొసైటీ కింద ఉంటాయి, మా దగ్గరి కోరుకొండ అదే, 1962లో విజయనగరం రాజు పీవీజీ రాజు గారు ఇచ్చిన ప్యాలెస్‌లో మొదలైంది, తర్వాత చిత్తూరు వైపు కలికిరిలో ఇంకోటి వచ్చింది. వాటికి ఆల్ ఇండియా ఎంట్రన్స్, ఆరో క్లాస్‌కీ తొమ్మిదో క్లాస్‌కీ. రాష్ట్రీయ మిలిటరీ స్కూళ్ళు ఇంకో రకం, దేశంలో ఐదే ఉన్నాయి: చైల్, అజ్మీర్, బెళగావి, బెంగళూరు, ధోల్‌పూర్. అవి మొదట్లో జవాన్ల పిల్లల కోసం పెట్టినవి. ఆర్‌ఐఎమ్‌సీ దేశం మొత్తానికి ఒక్కటే, చేరేది ఎనిమిదో క్లాస్‌లో మాత్రమే.

దీనికి పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. చేరే నాటికి పిల్లాడికి పదకొండున్నర నిండి పదమూడు దాటకూడదు, ఏడో క్లాస్ చదువుతూ ఉండాలి లేదా పాసై ఉండాలి. వయసు దగ్గర చాలామంది దెబ్బతింటారు, ముందు పుట్టినతేదీ లెక్క చూసుకోండి. ఏపీలో ఏపీపీఎస్సీ, తెలంగాణలో వాళ్ళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఈ పరీక్ష పెడతాయి, ఫారం మాత్రం డెహ్రాడూన్ కాలేజీ నుంచే తీసుకోవాలి. లెక్కలు 200 మార్కులు, ఇంగ్లీషు 125, జనరల్ నాలెడ్జ్ 75, ప్రతి దాంట్లో 50 శాతం రావాలి. తర్వాత 50 మార్కులకి ఇంటర్వ్యూ, ఆపైన మిలిటరీ ఆస్పత్రిలో మెడికల్. లెక్కలు, జీకే ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో ఉండదు. రాష్ట్రానికి ఒకటో రెండో సీట్లు వస్తాయి కాబట్టి పోటీ మామూలుగా ఉండదు. మా పిల్లలకి లెక్కల్లో ఇబ్బంది ఉండదు, ఇంగ్లీషు వ్యాసం, ఉత్తరం దగ్గరే మార్కులు పోతాయి, రోజుకో పేజీ రాయించండి. పాత పేపర్లు కాలేజీ వాళ్ళే అమ్ముతారు, కోచింగ్ కంటే ముందు అవి తెప్పించుకోండి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఒకసారి అన్నీ సరిచూసుకోండి.

పద్మజ_డల్లాస్

మాధవి గారూ, ఆడపిల్లలకి ఉందా? నెల్లూరులో మా చెల్లెలి కూతురికి పదకొండేళ్ళు, చాలా చురుకైన పిల్ల.

మాధవి_టీచర్_విజయనగరం

ఉందండీ! ఇది చెప్పడం నాకు చాలా ఇష్టం. వందేళ్ళ పాటు మగపిల్లలకే ఉన్న స్కూల్ అది. 2021లో సుప్రీంకోర్టు ఎన్‌డీఏలోకి ఆడపిల్లల్ని తీసుకోమంది, అదే ఏడాది అక్టోబరులో ఆర్‌ఐఎమ్‌సీకి కూడా చెప్పింది. కేంద్రం ఇంకొంచెం టైమ్ అడిగితే కోర్టు కుదరదంది, ఆ డిసెంబరు పరీక్షే రాయించమంది. 2022 జూలైలో మొదటి ఐదుగురు అమ్మాయిలు చేరారు. మగపిల్లల సీట్లు తగ్గించి ఇచ్చినవి కావవి, అదనంగా కలిపినవి. అమ్మాయిలకి రాష్ట్రాల వారీ కోటా లేదని, దేశం మొత్తం మీద మెరిట్ అని విన్నాను, కాబట్టి నెల్లూరు పిల్ల పోటీ పడేది దేశంలో అందరితోనూ. పదకొండేళ్ళంటే ఇప్పుడే మొదలుపెట్టించండి, టైమ్ ఉంది.

సతీష్_కర్నూలు

మాధవి మేడమ్, కర్నూలు పిల్లోళ్ళు పరీక్ష ఎక్కడ రాయాల?

మాధవి_టీచర్_విజయనగరం

ఏపీ వాళ్ళకి విజయవాడ సెంటరే బాబూ, పొద్దున మొదలై సాయంత్రం దాకా ఒకే రోజులో మూడు పేపర్లూ అయిపోతాయి, ముందు రోజే వెళ్ళి ఉండటం మంచిది.

శ్రీను_గాజువాక

మావాడి పుట్టినతేదీ లెక్క చూశాం మాధవి గారూ, వచ్చే పరీక్షకి సరిపోతుంది, దాని తర్వాతదానికి దాటిపోతుంది, అంటే ఒక్కటే ఛాన్స్. ఫారం, పాత పేపర్లు రెండూ ఇవాళే ఆర్డర్ పెట్టాం. ఇంగ్లీషు వ్యాసానికి మొదటి టాపిక్ మేజర్ సోమనాథ్ శర్మ అని ఇచ్చాను, రాశాక ఇక్కడ పెడతాను, కాస్త దిద్ది పెట్టండి.